దుమ్ము తిన్న రొమ్ముకు వైరస్ భయం

నాకు దగ్గుంది. ఇరవై ఏళ్లుగా వుంది. కరోనా రాకముందూ వుంది, పోయిందని అందరూ అనుకుంటున్న ఇప్పుడూ వుంది. ఇది వైరస్ తెచ్చిన దగ్గు కాదు. పలకల దగ్గు.

మార్కాపురం పలకంటే తెలియని తెలుగువాడు లేడు. ఆ రాయి మీద అఆలు దిద్దుకుని కలెక్టర్లయినవాళ్లున్నారు, మంత్రులయినవాళ్లున్నారు. ఆ రాయిని భూమిలోంచి పెకలించి, పొరలు పొరలుగా చీల్చి, మిషను మీద కోసి, రుద్ది నున్నగా చేసిన చేతులెవరివో మాత్రం ఏ వాచకంలోనూ రాయలేదు. ఆ చేతుల్లో మా మాలపల్లె, మాదిగపల్లె చేతులున్నాయి. బేస్తవారిపేట చుట్టుపక్కల సేద్యానికి నీళ్లు లేక, కూలి దొరక్క, పదహారేళ్లకే నేనూ ఆ పనికి పోయాను. పద్నాలుగేళ్లు చేశాను. సాయంత్రం ఇంటికొస్తే మా జేజి గుర్తుపట్టేది కాదు. తల, కనుబొమలు, మీసాలు అన్నీ బూడిద రంగు. "యాడ సమాధిలోంచి లేచొచ్చినావురా" అని నవ్వేది. కడుక్కుంటే మీదున్న దుమ్ము పోయింది. లోపలికి పోయినదాన్ని కడగడానికి నీళ్లు ఏ బావిలోనూ లేవు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఒక మాట పదేపదే విన్నాం. 'ఇతర జబ్బులున్నవాళ్లు జాగ్రత్తగా వుండాలి.' రేడియో చెప్పింది, టీవీ చెప్పింది, ఫోను చేస్తే అవతలి మనిషి పలికేలోపు అది కూడా దగ్గి మరీ చెప్పింది. నిజమే, జాగ్రత్తగా వుండాల్సిందే. ఆ మాట తప్పని నేననడం లేదు. కానీ ఆ 'ఇతర జబ్బు' ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. అది మా వొంట్లో దానంతటది పుట్టినట్టు, మా నుదుటిన రాసినట్టు, మా అలవాట్ల వల్ల వచ్చినట్టు మాట్లాడారు. మా జబ్బు పుట్టుకతో రాలేదు. కూలితో పాటు వచ్చింది. కూలి ఖర్చయిపోయింది, జబ్బు మిగిలింది.

దాని పేరు సిలికోసిస్. రాయి కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా వుంటుంది. కంటికి కనపడే దుమ్ము ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. కంటికి కనపడని సన్నటి దుమ్మే ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. దాన్ని తినేయడానికి వచ్చిన కణాలు తామే చస్తాయి. చచ్చినచోట పుండు మానినట్టు మచ్చ కడుతుంది. మచ్చ కట్టినచోట గాలి ఆడదు. పని మానేసినా ఆ మచ్చలు పెరుగుతూనే వుంటాయి. వాటిని కరిగించే మందు ఇప్పటిదాకా లేదు. మన పలకల మీద రాసే బలపాలు మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో చేసేవారు. 1980లలో అహ్మదాబాదు నుంచి జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థవాళ్లు పోయి ఆ కార్మికుల్ని పరీక్షిస్తే సగం మందికి పైగా ఈ జబ్బు బయటపడింది. అంటే ఇది నలభై ఏళ్లనాడే తెలిసిన సంగతి. మా ఊపిరితిత్తులకు మాత్రమే ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు వైరస్ భయం ఎట్లా వుంటుందో చెప్తాను. పదహారణాల ఊపిరి వున్నవాడికి వైరస్ వచ్చి నాలుగణాలు పట్టుకుపోయినా పన్నెండణాలు మిగుల్తుంది. మంచమెక్కినా లేస్తాడు. నాకున్నదే ఎనిమిదణాలు. అందులో నాలుగు పోతే నా పిల్లలకు నేనెట్లా మిగలాలి? 2021 మే నెలలో, రెండో విడత కరోనాలో, నాకు జ్వరమొచ్చింది. ఆశా కార్యకర్త వేలికి ఆక్సిమీటరు పెట్టి చూసింది. తొంభైమూడు. "అన్నా, తొంభైనాలుగుకు తగ్గితే ఆస్పత్రికి పోవాలంట" అంది. "నాకు బాగున్న రోజు కూడా అంతే వుంటాది తల్లీ" అన్నాను. ఆ పిల్ల ఏం రాయాలో తెలియక కాసేపు కాగితం పట్టుకుని నిలబడింది. ఆ కాగితంలో నా బోటి మనిషికి గడి లేదు. ఒంగోలు పెద్దాస్పత్రి మాకు దాదాపు వంద కిలోమీటర్లు. ఆ మూడు రాత్రులు నా భార్య నిద్రపోకుండా నా రొమ్ము లేస్తోందా లేదా అని చూస్తూ కూర్చుంది. బతికాను. అదృష్టమని అందరూ అన్నారు. మన ప్రాణాలు అదృష్టం మీద నడవాల్సిందేనా?

టీకా సంగతి చూడండి. 2021 మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్లకూ, నలభైఐదు నుంచి యాభైతొమ్మిది ఏళ్ల మధ్య వుండి జబ్బులున్నవాళ్లకూ టీకా అన్నారు. ఇరవై జబ్బుల జాబితా ఇచ్చారు. డాక్టరు సర్టిఫికెట్ తెమ్మన్నారు. అప్పటికి నాకు నలభైఏడు. జాబితాలో ఊపిరితిత్తుల జబ్బు వుంది. ఎట్లా వుంది? రెండేళ్లలోపు ఆస్పత్రిలో చేరివుండాలి, లేదా ఊపిరి బలం సగానికి తగ్గినట్టు మిషను పరీక్ష వుండాలి. కూలి పోతుందని ఆస్పత్రిలో చేరనివాడికి జబ్బు లేనట్టే. ఆ మిషను ముఖం చూడనివాడికి ఊపిరి నిండుగా వున్నట్టే! వైద్యం చేయించుకునే స్తోమత వున్నవాడి జబ్బే జబ్బు. నెల తర్వాత నలభైఐదు దాటినవాళ్లందరికీ టీకా అన్నారు కాబట్టి బయటపడ్డాను. ఈ దేశంలో మనకు భూమి పట్టా లేదు, పనికి మస్టరు లేదు, ఆఖరికి రోగానికి కూడా కాగితం లేదు.

కాగితం ఎందుకు లేదో మా పెదనాయన కథ చెప్తుంది. ఆయన నాకంటే ముందే పలకల పనికి పోయినవాడు. దగ్గు ముదిరితే ఆస్పత్రికి పోయాడు. క్షయ అని రాశారు. ఆరునెలలు మందులు మింగాడు. తగ్గలేదు. మళ్లీ క్షయ అనే రాశారు. మందు సరిగ్గా మింగలేదని, సారా తాగుతాడని తిట్టారు కూడా. ఏం పని చేస్తావని ఒక్కరూ అడగలేదు. అడిగితే ఇంకో జబ్బు పేరు రాయాల్సి వచ్చేది. క్షయ అంటే రోగి తప్పు. సిలికోసిస్ అంటే యజమాని బాధ్యత. ఒక్క పదం తేడాలో నష్టపరిహారం మాయమైంది. సిలికా దుమ్ము తిన్న ఊపిరితిత్తుల్లో క్షయ కూడా తేలిగ్గా చేరుతుంది, అది నిజమే. అందుకే రెంటికీ పరీక్ష చేయాలి. ఒకటి రాసి ఇంకోదాన్ని పాతిపెట్టకూడదు.

ఇక మాస్కు గురించి. నర్సీపట్నంలో డాక్టర్ సుధాకర్ అనే దళిత మత్తు డాక్టరు, మాకు మాస్కులు చాల్లేవని 2020 ఏప్రిల్‌లో బయటికి చెప్పాడు. ఆయన్ని సస్పెండ్ చేశారు. మే నెలలో విశాఖ నడిరోడ్డు మీద చొక్కా లేకుండా చేతులు వెనక్కి విరిచి కట్టడం దేశమంతా చూసింది. 2021 మేలో ఆయన చనిపోయాడు. కారంచేడు బాధితులు 1985లో తలదాచుకున్న చీరాలలో, 2020 జూలైలో, మాస్కు లేదని పోలీసులు ఆపిన దళిత యువకుడు ఒకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. కొట్టారని కుటుంబం అంది. జీపులోంచి దూకాడని పోలీసులన్నారు. ఎస్సై మీద కేసు పెట్టారు. మాస్కు అడిగిన దళితుడికి అది శిక్ష. మాస్కు లేని దళితుడికి ఇది శిక్ష. మరి నేను పనిచేసిన పద్నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా ముక్కుకు గుడ్డముక్క ఇవ్వని నా యజమానికి ఏ శిక్ష పడింది? ఏ పోలీసు జీపు ఆ షెడ్డు ముందు ఆగింది?

దూరం పాటించమన్నారు. దూరం మాకు కొత్తగా నేర్పాలా? ఊరు మమ్మల్ని దూరంగానే పెట్టింది. పల్లెలో మాత్రం ఒక్క గదిలో ఆరుగురం పడుకుంటాం. ఊరికీ పల్లెకీ మధ్య కావాల్సినంత దూరం, పల్లెలో మనిషికీ మనిషికీ మధ్య చాపంత కూడా లేదు. అటు మిరపకోతలకు గుంటూరు వైపు పోయి ఇరుక్కున్నవాళ్లు తిరిగొచ్చాక, ఇటు మాలాంటి దగ్గు మనుషుల్ని చూసి కొట్టువాడు చిల్లర కర్రతో తోశాడు. అంటరానితనానికి ఆ ఏడాది డాక్టరు సర్టిఫికెట్ కూడా దొరికినట్టయింది.

చేతులు కడుక్కోమన్నారు. మా పడమటి ప్రకాశంలో తాగడానికే ఫ్లోరైడ్ నీళ్లు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఇంకా పెరిగేకొద్దీ ఎముకలకు చేటని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పళ్లు పచ్చబడి, నడుములు వంగిన మనుషులు మా మండలాల్లో కొత్త కాదు. రాయి మీద నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము బాగా తగ్గుతుంది. ఇది ఎప్పుడో తెలిసిన ఉపాయం. తాగనీకే లేని నీళ్లు రాయి మీద పోస్తారా అని మా యజమాని నవ్వాడు. కరువు కూడా యజమానికి సాకయింది, మాకు సమాధయింది.

మన సంఘాల్లో కొందరన్నలు అంటారు. "భూమి గురించి, ఆత్మగౌరవం గురించి మాట్లాడదాం, రోగాల సంగతి డాక్టర్లు చూసుకుంటారు." నేనంటాను, ఊపిరి లేనివాడు భూమిని దున్నలేడు, నినాదమివ్వలేడు. బాబాసాహెబ్ దీన్ని డాక్టర్లకు వదిలేయలేదు. వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్నప్పుడు 1943 డిసెంబరులో ధన్‌బాద్ పోయి బొగ్గుగనిలోకి తానే దిగి చూశాడు. మరుసటి నెలలోనే గని కార్మికుల సంక్షేమ నిధికి ఆర్డినెన్స్ వచ్చింది. తల్లి సావిత్రిబాయి 1897లో పూనాలో ప్లేగు వస్తే పారిపోలేదు. మహర్‌వాడ పిల్లవాణ్ణి వీపున మోసుకుని కొడుకు దవాఖానాకు తెచ్చింది. ఆ రోగమే అంటుకుని మార్చి 10న ప్రాణం విడిచింది. రోగం మన ఉద్యమానికి పరాయి సంగతి ఎప్పుడూ కాదు.

చట్టం లేక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేసి తీరాల్సిన జబ్బుల్లో చేర్చారు. గుజరాత్ రాతిపొడి ఫ్యాక్టరీల్లో పనిచేసి చనిపోయిన 238 మంది మధ్యప్రదేశ్ కూలీల కుటుంబాలకు మూడేసి లక్షలు ఇమ్మని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. వాళ్లలో ఎక్కువమంది ఆదివాసీలు. రాజస్థాన్ 2019లో ఈ జబ్బు కోసమే ఒక విధానం తెచ్చింది. జబ్బు తేలితే మూడు లక్షలు, మనిషి పోతే కుటుంబానికి మరో రెండు లక్షలు. అక్కడి కూలీలు ఏళ్ల తరబడి కొట్లాడితే వచ్చాయవి. ఎవరూ దయతలచి ఇవ్వలేదు. రాజస్థాన్ రాయికి ఒక న్యాయం, మార్కాపురం రాయికి ఒక న్యాయమా?

కాబట్టి అన్నలారా, అక్కలారా, మనం చేయాల్సింది ఇది. ప్రతి పల్లెలో ఒక నోటుబుక్కు పెట్టండి. పలకల పనికి ఎవరు పోయారు, ఏ షెడ్డులో, ఎన్నేళ్లు, దగ్గు ఎప్పుడు మొదలైంది, ఎక్స్‌రే తీశారా, ఏమని రాశారు, అన్నీ రాయండి. చనిపోయినవాళ్లవి కూడా రాయండి. చదువుకున్న పిల్లలున్నారు, ఆ పని వాళ్లకప్పగించండి. ఆస్పత్రికి పోతే డాక్టరు అడక్కపోయినా "నేను పలకల కూలీని, ఇన్నేళ్లు రాయి కోశాను" అని మీరే చెప్పండి. చీటీలో రాసేదాకా కదలొద్దు. ఆ ఒక్క ముక్కే రేపు మీ సాక్ష్యం. రొమ్ము జబ్బున్నవాళ్లు టీకాలు వాయిదా వేయొద్దు, గుంపుల్లోకి పోతే మాస్కు మానొద్దు, దగ్గు ముదిరితే కళ్లె పరీక్ష మానొద్దు. ఇప్పటికీ రాయి కోస్తున్న కుర్రవాళ్లు నీళ్లు, మాస్కులు అడగండి. ఒక్కడే అడిగితే పని పోతుంది. అందరూ అడిగితే షెడ్డు ఆగుతుంది.

సర్కారును మనం అడగాల్సింది ఒక్కటే మొదటి మెట్టు. ఆస్పత్రి చీటీ మీద పేరు, వయసు పక్కన 'చేసే పని' అని ఒక గడి పెట్టాలి. ఆ గడి నింపితే మన రోగాలకు పుట్టిన ఊరు తెలుస్తుంది.

ఇంకో వైరస్ వస్తుంది. రాదని ఏ డాక్టరూ చెప్పడం లేదు. వచ్చినప్పుడు మళ్లీ అంటారు, ఇతర జబ్బులున్నవాళ్లు జాగ్రత్త అని. ఆ రోజుకు మన చేతిలో నోటుబుక్కు వుండాలి. ఈ జబ్బు మాది కాదు, మీరు మాకిచ్చింది, లెక్క ఇదిగో అని చూపించాలి.

- ఒక పాత పలకల కూలీ, బేస్తవారిపేట