గడ్డి వేళ్ళకు వీసా

పోయిన శుక్రవారం బుదయ్యా వైపు వెళ్ళి, ఖర్జూరపు చెట్ల నీడన పెంచే ‘జత్’ మొక్క ఒకటి తోటమాలినడిగి పీకి చూశాం. మన లూసర్న్ గడ్డే! వేళ్ళకు బుడిపెలు, చీలిస్తే లోపల లేత గులాబి రంగు. గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చి ఇచ్చే రైజోబియం సూక్ష్మజీవుల కాపురమది. “క్రిములా!” అని మా పిల్లలు డెట్టాల్ అడిగారు.

ఆ జీవుల ఒంటిమీద చక్కెరలతో అల్లిన జిగురుంటుంది. వేరులోకి వెళ్ళేందుకు అదే వీసా. 1985లో అమెరికాలో గ్రహామ్ వాకర్ ప్రభృతులు, ఆ జిగురు చేయలేని రకాన్ని లూసర్న్‌కిచ్చి చూశారు. బుడిపెలొచ్చాయి గాని, అన్నీ వట్టివే. పోనీ, జిగురు ఎక్కువైతే మేలా? అదీ కాదు. దాని తయారీకి ఎక్సోఆర్ అనే జన్యువు కళ్ళెం వేస్తుంది. అది చెడితే జిగురు పొంగిపోతుంది, బుడిపెలు చాలావరకు మళ్ళీ వట్టివే.

మేం పీకిన మొక్కను తోటమాలి మేకకు వేశాడు.