ఇద్దరేనా? అన్నవారికి

మా కాలనీ వార్షికోత్సవానికి రెండే పాత్రలతో ఒక సంగీత నాటిక వేస్తామని నేనూ, పక్కింటి వదినగారూ వెళ్లి అడిగాం. మొగుడి వేషం కట్టడానికి వదినగారు సిద్ధం. కార్యదర్శిగారు కళ్లజోడు పైనుంచి చూసి, "ఇద్దరేనా! ఎవరొస్తారమ్మా?" అన్నారు.

పోయినేడాది పౌరాణికంలో పాతికమంది ఉన్నారు లెండి. నేను చెలికత్తెని. రెండు గంటలు వింజామర వీచాను. నోరు విప్పే అవసరం రాలేదు.

ఎవరొస్తారో చెబుతాను వినండి. 1966లో అమెరికాలో 'ఐ డూ! ఐ డూ!' అనే సంగీత నాటకం బ్రాడ్‌వే కెక్కింది. మాటలూ పాటలూ టామ్ జోన్స్‌వి, బాణీలు హార్వే ష్మిట్‌వి. స్టేజీ మీద ఒక పందిరి మంచం, ఒక మొగుడు, ఒక పెళ్లాం. యాభై ఏళ్ల కాపురం వాళ్లిద్దరే ఆడి, పాడి చూపిస్తారు. పిల్లలు పుడతారు, పెళ్లిళ్లై వెళ్లిపోతారు. ఒక్కరూ స్టేజీ ఎక్కరు.

అసలు ముచ్చట మహానగరంలో జరగలేదు. మిన్నెసోటా రాష్ట్రంలో చాన్‌హాసెన్ అనే చిన్న ఊళ్లో, భోజనం పెట్టి నాటకం చూపించే థియేటరొకటి ఉంది. అక్కడ 1971లో మొదలైన ఈ నాటకం 1993 దాకా ఆడింది. ఇరవై రెండేళ్లు! జంట కూడా మారలేదు.

ఖర్చు తక్కువ కనక ఆడించారంటారా? నిజమే. కానీ ఖర్చు తక్కువని నాటకం వేస్తారు గాని, టిక్కెట్టు కొని వచ్చేవాళ్లకి దాంతో ఏం పని?

నన్నడిగితే కారణం వేరే. ఇద్దరే ఉన్నచోట దాక్కోవడానికి చోటుండదు. రచయితగా పేరొచ్చి తల తిరిగిన ఆ భర్త, ఇంకొకామె ఉందని చెబుతాడు. తప్పు నెట్టడానికి అత్తగారు లేదు, ఆడపడుచు లేదు. వాళ్లే తేల్చుకోవాలి. ఆవిడ అనవలసింది ఆవిడా అంటుంది. చివరికి సర్దుకుంటారు. ఆ సర్దుకోవడం నాకంతగా నచ్చలేదనుకోండి. అయినా సగం స్టేజీ ఆవిడది, సగం పాటలు ఆవిడవి. వింజామర పట్టుకుని మూల నిలబడే బాధ లేదు.

మనకిది కొత్తా? భామాకలాపంలో చాలా భాగం సత్యభామా, మాధవీ ఇద్దరే నడిపిస్తారు. ఎవరొస్తారని సిద్ధేంద్రయోగి బెంగపడి ఉంటే మనకి సత్యభామే లేకపోయేది.

ఇదంతా కార్యదర్శిగారికి చెప్పొచ్చాను. "ఆలోచిద్దాం" అన్నారు. వచ్చేటప్పుడు వాళ్లావిడ కాఫీ ఇచ్చి, ఒక్క మాటా మాట్లాడకుండా లోపలికెళ్లింది. అప్పుడర్థమైంది. ఆయనింట్లో నడిచేది ఏకపాత్రాభినయం. ఇద్దరి నాటకం ఎలా ఉంటుందో పాపం ఆయనెప్పుడు చూశారు గనక!