పదో తరగతి తర్వాత పదిరోజులు

"ఏరా అబ్బాయ్, యే గ్రూపు తీసుకున్నావ్?"

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచీ మా ఊళ్ళో ప్రతి పిల్లవాడూ యీ ప్రశ్నకి జవాబు చెప్పుకోవాలి. టీకొట్టు దగ్గరా, కాలవ గట్టు మీదా, ఆఖరికి మంగలి షాపులో కూడా. మిత్రులారా, ఒక్కటి గమనించండి. "నీకేమిటి యిష్టం" అని గాని, "యేం పని నేర్చుకుందామనుకుంటున్నావ్" అని గాని యెవరూ అడగరు. గ్రూపే అడుగుతారు. ఎంపీసీ అంటే "ఇంజనీరన్నమాట" అంటారు. బైపీసీ అంటే "డాక్టరన్నమాట" అంటారు. సీఈసీ అంటే కాసేపు మాట్లాడరు. ఇంక వేరే పేరేదైనా చెబితే "పోన్లే, యేదో ఒకటి" అని ఓదారుస్తారు!

పదిహేనేళ్ళ పిల్లవాడు యే దారిన పోవాలో ఫలితాలకీ కాలేజీలు తెరవడానికీ మధ్య పదిరోజుల్లో తేల్చేస్తున్నాం. మా నాన్నగారు ఆకుమడికి విత్తనం కొనేముందు యిద్దరు ముగ్గురు రైతుల్ని అడుగుతారు, పోయినేడు వాళ్ళ చేలో యెంత పండిందో కనుక్కుంటారు, గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూసుకుంటారు. అదే మనిషి నా చదువు సంగతి అరగంటలో తేల్చేశారు. ఆయన్ని తప్పు పట్టడానికి యిది రాయడం లేదు. విత్తనం సంగతి అడగడానికి ఊళ్ళో పదిమంది వున్నారు. చదువు సంగతి అడగడానికి యెవరున్నారు?

మా బ్యాచి సంగతి మరీ విచిత్రం. 2021లో కరోనా వల్ల పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. ఫలానా సబ్జెక్టులో గట్టివాణ్ణి అని చెప్పుకోడానికి కూడా ఆధారం లేదు. ఆ వేసవిలో ఒక కాలేజీ తరపున ఒకాయన మోటారు సైకిలు మీద మా యింటికి వచ్చారు. రంగుల కాగితం నిండా ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు. అమ్మ మజ్జిగ యిచ్చింది. "మా వాడికి యేది మంచిదంటారండీ?" అని నాన్నగారు అడిగారు. "బైపీసీ అండి. మొహం చూస్తేనే తెలిసిపోతోందండి" అన్నారాయన. నా మొహంలో ఆయనకి డాక్టరు యెక్కడ కనిపించాడో నాకు యిప్పటికీ తెలియదు. సాయంత్రానికి అడ్వాన్సు కట్టేశాం. ఇంకేముంది, రెండేళ్ళు హాస్టల్లో వుండి నీట్‌కి చదివాను, సీటు రాలేదు. 2023లో డిగ్రీలో చేరాను. ఒకే మేజరు సబ్జెక్టు పద్ధతి ఆ యేడే మొదలయింది. అక్కడా మళ్ళీ అదే కథ. మేజరు అంటే యేమిటో తెలిసేలోగా మేజరు యెంచుకోవడం అయిపోయింది.

ఇంటర్ రెండో యేడు దసరాకి యింటికి వచ్చినప్పుడు జరిగిన సంగతి చెబుతాను. మా స్వర్ణ చేను అక్కడక్కడా సుళ్ళు సుళ్ళుగా మాడిపోతోంది. స్వర్ణ అంటే మారుటేరు పరిశోధనా కేంద్రం వారి యం.టి.యు. 7029, 1925 నుంచీ వున్న ఆ కేంద్రం పేరు మా వైపు ముసలివాళ్ళకి కూడా తెలుసు. నాన్నగారు మందు డబ్బా పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. అంతలో గ్రామ వ్యవసాయ సహాయకుడు వచ్చాడు. నాకంటే అయిదారేళ్ళు పెద్ద వుంటాడు, అంతే. ప్యాంటు పైకి మడిచి చేలోకి దిగి, దుబ్బు మొదలు విడదీసి చూపించాడు. "సుడిదోమ బాబాయ్‌గారండి. పైన కొడితే యేం లాభం, అది మొదట్లో వుంటుంది. ముందు నీరు తీసెయ్యండి. నాటేప్పుడు పాయలు తియ్యలేదాండీ?" అన్నాడు. నాన్నగారు నలభై యేళ్ళ రైతు. ఆ కుర్రాడి మాట విని డబ్బా కింద పెట్టారు.

యేం చదివావని అడిగాను. "పదో తరగతి అవగానే అగ్రికల్చర్ పాలిటెక్నిక్, రెండేళ్ళు" అన్నాడు. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు ఆ డిప్లొమాతోనే ఉద్యోగం వచ్చిందట. అగ్రిసెట్ రాసి బి.ఎస్సీ. అగ్రికల్చర్‌కి వెళ్ళొచ్చట. అసలు ఆ బి.ఎస్సీ. సీట్లలోనే రైతు బిడ్డలకి కోటా వుందట. మూడు తరాలుగా సేద్యం చేస్తున్న యింట్లో, పొలం పని మీద మనసున్న నాకు, యీ మాటలు పదిహేడో యేట, అదీ దోమ పట్టిన చేను గట్టు మీద తెలిశాయి. ఆ కోర్సు పదో తరగతి వాళ్ళది. నా వంతు దాటిపోయింది.

మా పొలం కాలవ శివారున వుంది. కాటన్ దొరగారి ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ శివారు రైతుకి ఒకటే గోడు. పైవాళ్ళందరికీ అందాక మనదాకా వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. సమాచారం కూడా అంతే. రాజమండ్రిలోనో కాకినాడలోనో వున్న ఉద్యోగస్తుల పిల్లలకి యింట్లోనే తెలుస్తుంది. మా దాకా వచ్చేది ఆ రంగుల కాగితమే.

పెద్దలకి యిది తట్టలేదని అనుకోవద్దు. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియార్ గారి అధ్యక్షతన సెకండరీ విద్యా కమిషన్, హైస్కూళ్ళలో విద్యార్థికి దారి చెప్పే శిక్షణ పొందిన వ్యక్తులు వుండాలని సిఫార్సు చేసింది. కొఠారీ కమిషన్ 1964-66లో వృత్తివిద్య గురించి గట్టిగానే చెప్పింది. 1986 జాతీయ విద్యా విధానం 1990 నాటికి హయ్యర్ సెకండరీ పిల్లల్లో పది శాతం, 1995 నాటికి యిరవై అయిదు శాతం వృత్తివిద్యలోకి రావాలని లెక్క కట్టింది. 1992లో ఆ గడువుల్నే 1995కీ, 2000కీ జరిపారు. 2020 విధానం మళ్ళీ వచ్చి, 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకి వృత్తివిద్య పరిచయం కావాలంది. 2025 కూడా వెళ్ళిపోయింది. కాగితాల మీద గడువు మారినంత సులువుగా మా ఊరి బడిలో యేదీ మారలేదు. మా హైస్కూల్లో మొదలియార్ గారు చెప్పిన ఆ మనిషి కుర్చీ యే గదిలో వేశారో నాకు కనిపించలేదు.

దారులు లేవా అంటే వున్నాయి. కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్ 1946 నాటిది. మూడేళ్ళ డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే నేరుగా ఇంజనీరింగు రెండో యేడులో చేరవచ్చు. ఐ.టి.ఐ.లున్నాయి. పశువుల పాలిటెక్నిక్ వుంది, చేపలది వుంది. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే వుంది. కడియం నర్సరీల్లో అంటు కట్టే పనిని చూడ్డానికి యెక్కడెక్కడి నుంచో జనం వస్తారు. దాన్ని ఒక విద్యగా చదువుకోవచ్చని పక్క మండలం పిల్లలకే తెలియదు. భీమవరం చుట్టూ రొయ్యల చెరువులు. నీటిలో ఆక్సిజన్ యెంతుందో, లవణం యెంతుందో చూసే మనిషి కోసం రైతు తిరుగుతూ వుంటాడు. ఆ రైతు కొడుకేమో యిష్టం లేని గ్రూపులో తంటాలు పడుతూ వుంటాడు. ఇదేం విడ్డూరమండీ!

ఇంటర్‌లో వొకేషనల్ కోర్సులున్నాయని తెలిసినా, అవి "చదువు రానివాళ్ళవి" అని ముద్ర వేసేశాం. ఆ కోర్సు చదివినవాళ్ళు బ్రిడ్జి కోర్సు పరీక్ష రాసి పై చదువులకి వెళ్ళవచ్చన్న సంగతి యెంతమంది తల్లిదండ్రులకి తెలుసు? దారి మూసుకుపోతుందనే కదా వాళ్ళ భయమంతా.

మా లెక్చరరు గారొకరితో యీ మాట అంటే ఆయన ఒప్పుకోలేదు. "పదిహేనేళ్ళకే పనిలోకి తోస్తే ఆ పిల్లవాడు అక్కడే వుండిపోతాడు. కలిగినవాళ్ళ పిల్లలు డాక్టర్లు, లేనివాళ్ళ పిల్లలు ఫిట్టర్లు. అదేనా నీ వృత్తివిద్య?" అన్నారు. ఆయన మాటలో న్యాయం వుంది. జర్మనీలో ఫ్యాక్టరీలో పని, బడిలో పాఠం రెండూ కలిపి నేర్పే పద్ధతిని లోకమంతా మెచ్చుకుంటుంది. కాని ఆ దేశంలో చాలాచోట్ల నాలుగో తరగతి తర్వాతే పిల్లల్ని వేర్వేరు బళ్ళకి విడదీస్తారని, దాని మీద అక్కడే విమర్శలున్నాయని కూడా చెప్పుకోవాలి. నేను విడదీయమనడం లేదు. వున్న తలుపులన్నీ పిల్లవాడికి చూపించమంటున్నాను. తప్పు తలుపు తీస్తే వెనక్కి యెలా రావాలో కూడా చెప్పమంటున్నాను. 2025-26 నుంచి ఇంటర్ బోర్డు లెక్కలూ జీవశాస్త్రమూ కలిపి చదువుకునే వీలు కల్పించింది. మంచిదే. అయితే యీ కబురు పదో తరగతి పిల్లవాడి చెవిన వేసేదెవరు?

ఆ మాట చెప్పాల్సింది మనమేనని నా అభిప్రాయం. మన కాలేజీలో యెన్ని ఊళ్ళ వాళ్ళం వున్నాం! సంక్రాంతికి అందరం యింటికి వెళ్తాం. కోడిపందాలు, గంగిరెద్దులు, అరిసెలు అయ్యాక ఒక పూట పదో తరగతి పిల్లల్నీ వాళ్ళ అమ్మానాన్నల్నీ కూర్చోబెట్టలేమా? జనవరిలోనే యెందుకంటే, పాలిసెట్ లాంటి వాటికి దరఖాస్తు గడువు సాధారణంగా పదో తరగతి ఫలితాలు రాకముందే అయిపోతుంది. మే నెలలో మేలుకున్నవాడికి మిగిలేది ఆ మోటారు సైకిలే.

ఈ సంక్రాంతికి మేము నలుగురం మా ఊళ్ళో రామాలయం అరుగు మీద చేసి చూశాం. పద్ధెనిమిది మంది పిల్లలు వచ్చారు, పెద్దవాళ్ళు అంతకంటే తక్కువ. మేము గొప్పగా చేశామని చెప్పను. మొదటి పది నిమిషాలు ఉపన్యాసం దంచేశాను, పిల్లలు ఆవలించారు. తర్వాత ఆ వ్యవసాయ సహాయకుడు, టౌన్లో వైరింగు పనిచేసే ఐ.టి.ఐ. కుర్రాడు మాట్లాడాకే ప్రశ్నలు పడ్డాయి. జీతం యెంత, హాస్టలుందా, బస్సు పాసు యిస్తారా? ఒకావిడ లేచి "మజ్జెలో ఫెయిలైతే మళ్ళీ ఇంటర్‌లో చేర్చుకుంటారా బాబూ?" అని అడిగింది. మా నలుగురికీ తెలియదు. తెలుసుకుని చెబుతామండీ అన్నాం. ఇలాంటి ప్రశ్నలకి జవాబులు సరిచూసి పెట్టుకోవడమే మన యూనియన్ చెయ్యగల పని. ప్రతి యేడూ ఒక నాలుగు పేజీల పుస్తకం. కోర్సు పేరు, యెక్కడ, యెన్నేళ్ళు, ఖర్చు, దరఖాస్తు యెప్పుడు, తర్వాత యేమిటి, వెనక్కి దారి యేమిటి. లెక్చరరు గారు ఒకరు చూసి తప్పులు దిద్దితే చాలు. ఈ సావనీరుకయ్యే కాగితంలో పదోవంతు కూడా పట్టదు. పాత విద్యార్థులు యే ఉద్యోగాల్లో వున్నా సంక్రాంతికి ఒక పూట ఆ అరుగు మీదకి వచ్చి తమ పనేమిటో చెబితే, మా ఉపన్యాసాలకంటే వెయ్యిరెట్లు మేలు.

ఒక్క జాగ్రత్త మాత్రం పడాలి. "నువ్వు యిది చదువు" అని మనం చెప్పకూడదు. అలా చెబితే మనకీ మొహం చూసి బైపీసీ అన్నాయనకీ తేడా యేముంది?

ఆడపిల్లల సంగతి వేరే రాయాలి గాని, చోటు లేదు. వాళ్ళకి గ్రూపు నిర్ణయించేది మార్కులు కావు, బస్సు. మా చెల్లి యీ యేడు పదో తరగతి. ఇంట్లో ఫ్యాను పాడైతే విప్పి బాగుచేసేది అదే. ఎలక్ట్రికల్ డిప్లొమా చేస్తానని అరుగు మీద అందరి ముందూ అంది. "కరెంటు పని ఆడపిల్లకెందుకమ్మా" అన్నారు నాన్నగారు. నెల రోజులుగా యింట్లో అదే వాదన. ఆయన యింకా సరే అనలేదు. మొన్న నేను రాజమండ్రి వచ్చేటప్పుడు మాత్రం కాకినాడకి పొద్దున్న బస్సులు యేయే టైములకున్నాయో కనుక్కుని రమ్మన్నారు.