గిటారు చిన్నదైతే సంబరం చిన్నదా?

ఇంటికి కొత్త ఆవు వస్తే నుదుట పసుపు కుంకుమ పెడతారు. కొత్త మోటారు సైకిలు వస్తే చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తారు. కొత్త టి.వి. వస్తే ఆ సాయంత్రం ఇరుగు పొరుగు అంతా వచ్చి చాప పరచుకొని కూర్చుంటారు. కానీ అదే ఇంటికి ఒక కొత్త గిటారు వస్తే మాత్రం "ఇదేమైనా కూడు పెడుతుందా?" అన్న ప్రశ్న ముందుగా ఎదురవుతుంది. అందునా ఆ గిటారు చిన్న సైజుదైతే చులకన మరీ ఎక్కువ. "ఇది పిల్లకాయల ఆట వస్తువు గదా", "అంత డబ్బు పోసినవాడివి కాస్త పెద్దది తెచ్చుకోలేకపోయావా" అనేవారే గాని, "ఏదీ, ఒకసారి వాయించు" అనేవారు అరుదు. ఇది విచారించదగిన విషయం.

పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాలలో గిటారు ఇప్పుడు వింత వస్తువేమీ కాదు. చర్చిలో ఆదివారం పాటలకు గిటారు వుంటోంది. పెళ్ళి పందిట్లో పాటకచేరీ పెడితే అక్కడా వుంటోంది. సెల్‌ఫోను చూసి సొంతంగా నేర్చుకునే కుర్రవాళ్ళు, ఆడపిల్లలు పల్లెల్లోనూ కనబడుతున్నారు. వీరిలో చాలామంది కలవారి బిడ్డలు కారు. నరసాపురం వైపు లేసు అల్లి పైసా పైసా దాచినవారు, రొయ్యల షెడ్లలో పనిచేసేవారు, కాలేజీ సెలవుల్లో దాళ్వా కోతలకు వెళ్ళి సంపాదించుకున్నవారు వున్నారు. నాలుగైదు వేల రూపాయల గిటారు పట్నంవాళ్ళకు ఒక పూట ఖర్చు కావచ్చు. ఈ ఇళ్ళలో అది కొన్ని నెలల కష్టం. అందుకే ఆ డబ్బు సరైన వస్తువు మీద పడాలి. ఆ వస్తువు అటక ఎక్కకుండా చేతిలో వుండాలి.

చిన్న గిటారు మీద చులకన భావమే ఈ రెండింటికీ అడ్డు వస్తోంది.

సంచి విప్పిన రోజు

కొత్త గిటారు ఇంటికి వచ్చిన రోజున ఆ ఇంటి సందడి చూడవలసిందే. సంచి జిప్పు తీయగానే కొత్త చెక్క వాసన, వార్నీషు వాసన గది నిండా కమ్ముకుంటాయి. కొన్న మనిషి ముందు వాయించడు. తువ్వాలుతో తుడుస్తాడు. వెనక్కి తిప్పి చెక్క చారలు చూస్తాడు. తరువాత బొటనవేలితో ఆరు తంత్రులూ ఒక్కసారి పైనుంచి కిందకు మీటుతాడు. శ్రుతి కుదరకపోయినా సరే, ఆ మోత వినగానే వంటింట్లోనుంచి తల్లి గుమ్మం దాకా వస్తుంది. చిన్నపిల్లలు "నాకోసారి, నాకోసారి" అని చుట్టూ మూగుతారు. రాత్రి మంచం పక్కనే గిటారు పడుకుంటుంది. తెల్లవారి పళ్ళు తోముకోక ముందే ఒకసారి దాన్ని తాకి చూడనివారు తక్కువ.

దీనిని వెర్రి అని కొట్టి పారేయడం తగదు. తన చెమటతో కొన్న వస్తువు తను మీటితే పలకడం అనే ఆనందం టి.వి.లో దొరకదు, సెల్‌ఫోనులో దొరకదు. టి.వి. ఎవరి ఇంట్లోనైనా ఒకేలా మోగుతుంది. గిటారు మాత్రం ఎవరి చేతిలో వారి మాటే పలుకుతుంది.

పెద్దది కొంటే లాభమా?

అదే డబ్బుకు పెద్దది వస్తే లాభం అనుకోవడం సహజం. గోనె సంచికి, నీళ్ళ బిందెకు ఆ లెక్క సరిపోతుంది. చెప్పులకు సరిపోతుందా? కొడవలి పిడి చేతికి ఇమడకపోతే ఎంత మంచి ఇనుమైనా కోత సాగదు. వాయిద్యం కూడా ఒంటికి అమరవలసిన పనిముట్టే.

బజారులో ఎక్కువగా కనబడే పెద్ద గిటారును "డ్రెడ్‌నాట్" అంటారు. ఆ పేరు 1906లో బ్రిటిష్ నౌకాదళంలో చేరిన ఒక పెద్ద యుద్ధ నౌకది. 1916లో అమెరికాలోని మార్టిన్ కంపెనీ, బోస్టన్ నగరంలోని డిట్సన్ అనే సంగీత వ్యాపార సంస్థ కోసం ఈ పెద్ద ఆకారాన్ని మొదట తయారుచేసింది. తన సొంత పేరుతో అమ్మడం 1931లో మొదలుపెట్టింది. దీని పొట్ట వెడల్పు 15 అంగుళాల పైచిలుకు వుంటుంది. పది మంది కలిసి పాడేచోట, మైకులు లేని రోజులలో, మోత బాగా వినపడాలని జనం పెద్ద గిటార్లను కోరుకున్నారు.

అంతకు ముందు సుమారు నూరేళ్ళపాటు ఇళ్ళలో వాయించిన గిటార్లు చాలావరకు చిన్నవే. వాటి పొట్ట వెడల్పు 13న్నర అంగుళాలో, ఇంకా తక్కువో వుండేది. అంటే చిన్న గిటారు పెద్దదానికి పిల్ల కాదు. వరసకు అన్నగారే. ఆ కంపెనీ పెట్టిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ జర్మనీ దేశంలో పీటలు, బీరువాలు చేసే వడ్రంగుల కుటుంబంలో పుట్టినవాడు. గిటార్లు చేసే హక్కు తమకే వుందని అక్కడి వయొలిన్ తయారీదారుల సంఘం వడ్రంగుల మీద ఫిర్యాదు పెట్టింది. ఆ గొడవల తరువాత 1833లో ఆయన అమెరికా చేరాడు. ఆనాడు వడ్రంగి చేతికి ఇదేం పని అన్నారు. ఈనాడు కూలి ఇంటికి ఇదేం పని అంటున్నారు. మాట మారింది గాని చులకన ఒక్కటే.

చిన్న పెట్టె సుగుణం

తంత్రి కదిలితే దాని కింద వున్న బ్రిడ్జి కదులుతుంది. బ్రిడ్జి పైచెక్కను కదుపుతుంది. ఆ చెక్క, పెట్టెలోని గాలి కలిసి నాదాన్ని పెంచుతాయి. పెట్టె పెద్దదైతే మంద్ర స్వరం గంభీరంగా వస్తుంది, నిజమే. పెట్టె చిన్నదైతే మధ్య స్వరాలు తేటగా వినబడతాయి. మెత్తగా మీటినా పలుకుతుంది. రెండు గదుల ఇంట్లో, పక్క గదిలో ముసలమ్మ నిద్రపోతుండగా, అరుగు మీద కూర్చుని వాయించుకునేవాడికి కావలసినది ఈ గుణమే.

పెద్ద పెట్టె పట్టుకుంటే పొట్టివారికి, ఆడపిల్లలకు కుడి భుజం పైకి లేచిపోతుంది. ఎడమ చెయ్యి చాచవలసి వస్తుంది. వారం తిరగక ముందే మెడ నొప్పి, భుజం నొప్పి. మొదటి నెలలో వేళ్ళ కొసలు ఎలాగూ మండుతాయి. అవి కాయకాసే దాకా రెండు మూడు వారాలు ఓర్చుకోవలసిందే. దానికి భుజం నొప్పి కూడా తోడైతే "నాకు రాదు" అని వదిలేస్తారు. అటకల మీద దుమ్ము పట్టిన గిటార్లలో చాలావాటి కథ ఇదే. తప్పు ఆ పిల్లది కాదు. ఒంటికి అమరని గిటారుది.

పాలకొల్లు నేర్పిన పాఠం

చిన్న వాయిద్యం, పరాయి వాయిద్యం అని ఈసడించేవారికి ఈ జిల్లాలోనే జవాబు వుంది. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. ఇంట్లో వున్న మాండలిన్‌ను ఆ బాలుడు ఆరేళ్ళ వయసులో చేతికి తీసుకున్నాడు. గిటారు కన్నా ఎంతో చిన్నది అది. పుట్టింది ఇటలీలో. దాని మీద కర్ణాటక సంగీతం పలుకుతుందని అప్పటికి నమ్మినవారు తక్కువ. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన నోటితో పాడేవారు, శిష్యుడు విని తంత్రుల మీద పలికించేవాడు. 1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఉత్సవంలో తొమ్మిదేళ్ళ ఆ బాలుడు కచేరీ చేశాడు. 1998లో పద్మశ్రీ అందుకున్నాడు. 2014లో కన్నుమూసే నాటికి ఆయన ఇంటి పేరు ఎందరికో తెలియదు, "మాండలిన్ శ్రీనివాస్" అంటేనే తెలుసు.

అందరు పిల్లలూ శ్రీనివాస్‌లు కారు, కానక్కర లేదు. ఇక్కడ గ్రహించవలసినవి రెండు. వాయిద్యం చిన్నదైనంత మాత్రాన విద్య చిన్నది కాదు. ఊళ్ళో ఆ వాయిద్యం తెలిసిన మాస్టారు లేనంత మాత్రాన విద్య ఆగిపోదు. హరికథకుడో, భజన పాడే పెద్దాయనో, చర్చిలో పాటలు నేర్పే టీచరో స్వరజ్ఞానం వున్నవారు ఒక్కరుంటే పిల్లలకు దారి దొరుకుతుంది.

కొనేవారు గమనించవలసినవి

సరదాలో మోసపోకుండా కొన్ని విషయాలు చూసుకోవాలి. "చిన్న గిటారు" అని బజారులో రెండు రకాలు అమ్ముతారు. పిల్లల కోసం మొత్తం పొడవు 36 అంగుళాల దగ్గర వుండే ముప్పాతిక సైజుది ఒకటి. పెట్టె మాత్రమే చిన్నదిగా, మెడ మామూలు పొడవుతో పెద్దలకు పనికివచ్చేది రెండవది. పదేళ్ళ పిల్లకు మొదటిది, ఎదిగినవారికి రెండవది మేలు. వీలైతే కొట్టుకు స్వయంగా వెళ్ళి, కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకొని చూడాలి.

మెడ మీద పన్నెండవ మెట్టు దగ్గర తంత్రికీ మెట్టుకూ మధ్య ఖాళీ చూడాలి. అక్కడ అగ్గిపుల్ల దూరితే సరే. పెన్సిలు దూరేటంత వుంటే వద్దు, వేళ్ళు కోసుకుపోతాయి. ప్రతి మెట్టు మీదా వేలు నొక్కి, గరగర లేకుండా పలుకుతోందో లేదో వినాలి. నైలాన్ తంత్రులు వేళ్ళకు మెత్తగా వుంటాయి, ఉక్కు తంత్రులు ఖంగుమంటాయి. నైలాన్ తంత్రుల గిటారుకు ఉక్కు తంత్రులు బిగించకూడదు. ఉక్కు తంత్రులు ఆరూ కలిసి లాగే బలం సుమారు 70 కిలోలు, అంటే ఒక ధాన్యం బస్తా బరువుకు కాస్త తక్కువ. ఆ బరువుకు తట్టుకునేలా చేయని గిటారుకు బ్రిడ్జి ఊడి వస్తుంది.

ఇక ఈ ప్రాంతపు గాలి సంగతి. వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. రోహిణి కార్తె ఎండలకు ఆరి చీలుతుంది. సముద్రం దగ్గర ఊళ్ళలో ఉప్పు గాలికి ఉక్కు తంత్రులు త్వరగా తుప్పు పడతాయి. వాయించిన తరువాత పొడి గుడ్డతో తంత్రులు తుడిచి, గిటారును సంచిలో పెట్టి, ఎండ తగలని లోపలి గోడ వారగా వుంచాలి. మోటారు సైకిలు మీద కట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేస్తే ఎంత ఖరీదు పెట్టినా నిలవదు.

పెద్దల భయం, పెద్దల బాధ్యత

తల్లిదండ్రుల భయాలు ఉత్తవి కావు. చదువు పాడవుతుందేమో అన్న బెంగ వుంటుంది. అప్పు చేసి పప్పు కూడు సామెత వుండనే వుంది. వడ్డీకి తెచ్చి గిటారు కొనడం ఎవరికీ మంచిది కాదు. పంట డబ్బు రాక ముందే వాయిదాల మీద కొనడమూ మంచిది కాదు. ఆరు నెలలు ఆగి, దాచుకొని కొన్నదాని సంబరమే వేరు. చదువు సంగతికొస్తే, రోజుకు అరగంట గిటారుకు పోతే మునిగేదేమీ లేదు. సెల్‌ఫోనులో పోయే గంటల లెక్క ఎవరూ అడగరు గాని గిటారు అరగంటకు మాత్రం లెక్క అడుగుతారు. ఇది న్యాయం కాదు.

లేసు అల్లే చేతులకు, నారు నాటే చేతులకు పని తప్ప పాట వద్దనే హక్కు ఎవరికీ లేదు. పొద్దంతా ఎవరికో పనిచేసి వచ్చిన వేళ్ళు సందెవేళ ఒక అరగంట తమ కోసం కదలాలనుకుంటే దానిని దుబారా అనడం అన్యాయం.

జిల్లాలో అటక ఎక్కిన గిటార్లు ఎన్నో వున్నాయి. నేర్చుకుని వదిలేసినవారు, ఉద్యోగాలకు దూరం వెళ్ళినవారు వాటిని దించి, కొత్త తంత్రులు వేయించి ఊరి హైస్కూలుకో, గ్రంథాలయానికో ఇస్తే కొనలేని పిల్లలకు అక్కరకొస్తాయి. అందులో చిన్న సైజువి వుంటే మరీ మంచిది. స్కూళ్ళలో వారానికి ఒక గంట ఆ వాయిద్యం పిల్లల చేతికి ఇచ్చే ఏర్పాటును ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రుల కమిటీలు ఆలోచించాలి. ఆటకు బంతి వున్నట్లే పాటకు ఒక గిటారు బడిలో వుండడం పెద్ద కోరికేమీ కాదు.

అంతవరకూ ఊరివారు చేయగలిగిన సాయం ఖర్చు లేనిది ఒకటి వుంది. పక్కింట్లో కొత్త గిటారు మోగినప్పుడు, అది ఎంత చిన్నదో, ఎంత పెట్టి కొన్నారో అడగడం మాని, ఒక నిమిషం నిలబడి వినడం.