తొక్కితేనే తొక్కుడు లడ్డు

మన సినిమాల్లో లడ్డు తినడం చూపిస్తారుగాని, చేయడం చూపించరు. 1957లో వచ్చిన 'మాయాబజార్'నే తీసుకోండి. ఘటోత్కచుడి వేషంలో ఎస్వీ రంగారావుగారు పెళ్ళివిందు ముందు చతికిలబడితే, లడ్లు వాటంతటవే లేచొచ్చి ఆయన నోట్లో పడుతుంటాయి. చూసినవాళ్ళు నోరూరించుకున్నారేగాని, ఆ లడ్లు చుట్టిందెవరని ఒక్కరైనా అడిగారా? మాయాబజారు గనక చెల్లింది. వంటింట్లో ఆ మాయలు సాగవు. బందరు లడ్డు దగ్గర మరీ సాగవు!

దాని అసలు పేరు తొక్కుడు లడ్డు. తొక్కడమంటే కాళ్ళతో కాదండోయ్, రోట్లో వేసి రోకలితో దంచడం. బుందేల్‌ఖండ్ ప్రాంతం నుంచి వలసొచ్చిన బొందిలీ కుటుంబాలవాళ్ళు దీన్ని బందరుకి తెచ్చారని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అన్నట్టు, తెలుగు సినిమాకి పితామహుడని మనం చెప్పుకునే రఘుపతి వెంకయ్య నాయుడుగారు పుట్టిందీ ఆ బందరులోనే. కాబట్టి సినిమా పత్రికలో ఈ లడ్డు గోల ఏమిటని ఎవరూ నన్ను నిలదీయకూడదు.

విషయానికొస్తాను. పురుటికొచ్చిన మా చెల్లెలు బిడ్డనెత్తుకుని అత్తారింటికి బయల్దేరుతోంది. సారెలో తొక్కుడు లడ్డు ఉండి తీరాలని అమ్మ పట్టు. చూస్తే ఆవిడ కుడిభుజం రెండేళ్ళుగా పైకి లేవడం లేదు. "కొనుక్కొద్దాం లేమ్మా" అని నగరంలో ఒక దుకాణం నుంచి (పేరెందుకు లెండి) పావుకిలో పట్టుకొచ్చాను. అమ్మ ఒకటి విరిచి, వాసన చూసి, పళ్ళెంలో పెట్టేసింది. "లడ్డే, కాదన్ను. తొక్కింది మాత్రం కాదు" అంది.

"సరే, నువ్వు చెప్పు, నేను దంచుతా" అన్నాను. అమ్మ నా చేతులవంక ఓసారి చూసి నవ్వింది. చెప్పొద్దూ, కాస్త పౌరుషం వచ్చింది.

అరకిలో శనగపిండిని జల్లించి, ఉప్పు వేయకుండా ఉత్త నీళ్ళతోనే జంతికల పిండిలా కలపాలి. అరకిలో నెయ్యి దగ్గర పెట్టుకోండి. మూకుట్లో కాగిన నేతిలోకి గొట్టంతో పూస వత్తాలి. ఎర్రబడనిచ్చారో, లడ్డు రంగూ చెడుతుంది, రుచీ చెడుతుంది. పచ్చి వాసన పోయి, కరకరలాడే పసుపు రంగులో ఉండగానే తీసెయ్యాలి. వేయించగా మిగిలిన నెయ్యి పారెయ్యకండి, దానితో పనుంది.

పిండిని నేరుగా నేతిలో వేయించి ఉండ చుడితే పోదా అని మీకు అనుమానం రావచ్చు. నేనూ అడిగాను. అలా చేస్తే అది శనగపిండి లడ్డు అవుతుంది, బాగానే ఉంటుంది కూడా. కాని పూసగా వత్తితే సన్నటి తీగ లోపలిదాకా ఒకేలా వేగుతుంది. చల్లారాక దంచితే మెత్తటి పొడి అవుతుంది. ఈ మొదటి దంపుడు మాత్రం మిక్సీకి అప్పగించవచ్చు. ఆపి ఆపి తిప్పి, జల్లెడ పట్టి, మిగిలిన రవ్వని మళ్ళీ వేయండి.

పాకం దగ్గరే అమ్మ కుర్చీలోంచి లేచి పొయ్యి పక్కకొచ్చింది. అరకిలో బెల్లం తరిగి, టీ గ్లాసుడు నీళ్ళు పోసి కరిగించి, వడగట్టి మళ్ళీ పొయ్యిమీద పెట్టాం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సన్నటి తీగ సాగగానే దించమంది. ముదిరితే లడ్డు కాదు, గుండ్రాయే. నేను కాటా పెట్టి, గడియారం చూసి అన్నీ పుస్తకంలో రాసుకుంటుంటే, "బెల్లం బెల్లానికీ పాకం మారుతుందిరా, గడియారానికేం తెలుసు" అంది. అయినా రాసుకున్నాను. ఆవిడ వేళ్ళకి తెలిసింది నా వేళ్ళకి తెలియాలంటే ఎన్ని పాకాలు కావాలో!

దించిన పాకంలో పొడి పోసి కలిపి, గోరువెచ్చనయ్యాక రోట్లో వేశాం. అసలు తొక్కుడు ఇక్కడే. మిక్సీకి ఈ ముద్ద లొంగదు, పట్టేసి మూలుగుతుంది. రోకలే గతి. మేముండేది మూడో అంతస్తు. కింద గోనెసంచి మడతలు, వాటిమీద పాత దుప్పటి, ఆపైన రోలు. కిందింటి పెద్దావిడకి ముందే చెప్పి, ఆవిడ మధ్యాహ్నం కునుకు తీసే వేళ కాకుండా పదకొండింటికి మొదలెట్టాను. మధ్యమధ్య మిగిలిన నెయ్యి వెచ్చబెట్టి చెంచాడు చెంచాడు పోస్తూ దంచుతుంటే, మొదట రవరవలాడే ముద్ద నెమ్మదిగా నునుపుదేరి రోటి అంచుల్ని వదులుతుంది. అప్పటికి నా చొక్కా తడిసి వంటికి అతుక్కుపోయింది.

నాకొకటి అర్థం కాదు. బందరు దుకాణాల్లో బారెడు రోకళ్ళు పట్టి దీన్ని దంచేది మగవాళ్ళు. అదే లడ్డు ఇంట్లో చెయ్యాలంటే రోకలి ఆడవాళ్ళ చేతికెలా వెళ్ళింది? మగవాళ్ళకి తినే వేషమే ఎందుకొచ్చింది? మా ఇంట్లో ఇన్నేళ్ళు తిన్న లడ్లన్నీ అమ్మ ఆ భుజంతో దంచినవే. డాక్టరుగారు వయసు వల్ల వచ్చిన నొప్పే అన్నారు. కావచ్చు. సోదరులారా, ఈసారి మీ ఇంట్లో రోలు దించినప్పుడు ముందు రోకలి మీరందుకోండి. తినడానికి ఎలాగూ ముందే ఉంటాం.

దంచిన ముద్దని మూతపెట్టి రెండు మూడు గంటలు వదిలేశాక, ఏలకుల పొడి, నేతిలో వేయించిన జీడిపప్పు పలుకులు కలిపి ఉండలు చుట్టాలి. చుట్టడం అమ్మే చేసింది, ఎడంచేత్తో. డబ్బాలో తడి తగలకుండా పెడితే వారం పదిరోజులు బావుంటాయి.

చెల్లెలు వెళ్ళిన మర్నాడు ఫోన్ చేసింది. వాళ్ళ అత్తగారు ఒకటి తిని, "మీ అమ్మగారి చేతి మహిమే వేరు" అన్నారట. దంచింది అన్నయ్యని చెల్లెలు చెబితే ఆవిడ నమ్మలేదట. అమ్మ ఫోన్ అందుకుని, "వాడే దంచాడు వదినగారూ, ఇంకో పది పోట్లు పడాల్సింది" అంది.