ఆ అరుపుకి అర్థం 'వద్దు'

ఈ మధ్య ఒక సదస్సులో 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' గురించి చర్చ జరిగింది. జేమ్స్ వేల్ దర్శకత్వంలో యూనివర్సల్ స్టూడియో 1935లో తీసిన ఈ సినిమాని వెలివేతకు గురైనవాడి కథగా చదవడం మన విమర్శకులకి ఇష్టం. చివర్లో ఒక పెద్దాయన నిట్టూర్చాడు: "పాపం, ఆఖరికి ఆమె కూడా అతన్ని కాదంది." చాలా తలలు ఊగాయి. నాకు మాత్రం ఒళ్లు మండింది.

అసలు ఆమె ఎవరు? ఇద్దరు మగ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో ప్రాణం పోసిన ఆడమనిషి. కళ్లు తెరవకముందే ఎవరి భార్యో నిర్ణయమైపోయింది. తెరమీద ఉండేది కొద్ది నిమిషాలే. అతను దగ్గరికొస్తే కెవ్వున అరుస్తుంది, బుసకొడుతుంది. అంతే, అతను మీట లాగి ప్రయోగశాలని పేల్చేస్తాడు. తనని సృష్టించిన ఫ్రాంకెన్‌స్టైన్‌ని, అతని భార్యని బతకమని పంపేస్తాడు. 'వద్దు' అన్నామె మాత్రం అతనితోపాటు చావాలి!

సినిమాకి మాట వచ్చిన తొలి రోజులవి. 1931 నాటి మొదటి సినిమాలో మూలిగిన మాన్‌స్టర్‌కి ఇందులో మాటలు నేర్పారు. ఆమెకి అరుపే మిగిల్చారు. పేరూ లేదు. తారాగణం జాబితాలో ఆమె పాత్రకెదురుగా ప్రశ్నార్థకం పెట్టారు. 1931లో కార్లాఫ్‌కీ అదే పెట్టారు కదా అంటారు. నిజమే. కానీ సినిమా ముగిసేసరికి అతని పేరు వేశారు. అదే సినిమాలో రచయిత్రిని 'మిసెస్ పెర్సీ బి. షెల్లీ'ని చేశారు.

మేరీ షెల్లీగానూ, వధువుగానూ ఎల్సా లాంచెస్టరే నటించింది, అది స్త్రీవాద సంకేతం కాదా అని కొందరి వాదన. మరి మేరీ ఏం రాసిందో చూడండి. 1818 నాటి నవలలో విక్టర్ ఆ స్త్రీని సగంలోనే ముక్కలు చేసేస్తాడు. అతని భయాల్లో ఒకటి, తను పుట్టకముందు ఇద్దరు మగవాళ్లు చేసుకున్న ఒప్పందాన్ని ఆమె కాదనొచ్చని. ఆమెకి సొంత ఇష్టం ఉంటుందని మేరీకి తెలుసు. దాన్ని మాన్‌స్టర్ దుఃఖంగా మార్చింది సినిమా.

ఈ 'పాపం' మనకి కొత్త కాదు. కాదన్నందుకు అమ్మాయిని చంపినవాణ్ణి మన పత్రికలు 'ప్రేమోన్మాది' అని రాస్తాయి. హత్యలో ప్రేమ ఎక్కడుంది? వెలివేతకు గురైనవాడి బాధ నిజమే. ఆ బాధకి మందుగా ఒక స్త్రీని తయారుచేసే హక్కు ఎవరిచ్చారు?

సదస్సులో గొంతు పెగలక అడగలేకపోయాను. ఇక్కడ అడుగుతున్నాను. ఆ అరుపులో 'వద్దు' మనకెందుకు వినపడలేదు?