కడుపు క్యాన్సర్: ఆపరేషన్ అయింది, కీమో కూడా.. మరి ఆ తర్వాత?

ఆపరేషన్ అయింది.. కీమో పూర్తయింది. ఇక గండం గడిచినట్టేనా? కడుపు క్యాన్సర్ రోగి ఇంట్లో వినిపించే ప్రశ్న ఇదే.

లెక్కలైతే మెరుగుపడ్డాయి. కడుపు, అన్నవాహిక కలిసేచోటు క్యాన్సర్లపై బ్రిటన్‌లో జరిగిన మ్యాజిక్ ట్రయల్ ఫలితాలు 2006లో వచ్చాయి. ఆపరేషన్ ఒక్కటే అయినవారిలో ఐదేళ్లు బతికింది 23 శాతమే. ముందూ వెనకా కీమో ఇస్తే 36 శాతం. 2019లో జర్మనీ పరిశోధకుల ‘ఫ్లాట్’ కీమోతో అది సుమారు 45 శాతానికి చేరింది. అంటే సగం మందికి పైగా ఇంకా ఐదేళ్లు దాటడం లేదు. తొలిదశలోనే బయటపడితే మాత్రం ఆశలు చాలా ఎక్కువ.

జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే. ‘బాగానే ఉన్నా కదా’ అని చెకప్ మానేస్తే ప్రమాదమే.

అసలు తంటా తిండి దగ్గర. జీర్ణాశయం మొత్తం తీసేస్తే ఆహారంలోని బీ12 ఒంటికి పట్టదు. జీవితాంతం విడిగా తీసుకోవాల్సిందే, చాలామందికి ఇంజెక్షన్లే. గబగబా తిన్నా, తీపి ఎక్కువైనా చెమటలు, గుండెదడ, విరేచనాలు.. దీన్నే డంపింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెంగా తినాలి. ‘నీరసంగా ఉన్నావ్, ఇంకో ముద్ద తిను’ అని బలవంతపెట్టే చుట్టాలకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి. బరువు తగ్గుతూనే ఉంటే డాక్టర్‌ను, డైటీషియన్‌ను కలవాలి.